మీ కారుకి రీకాల్ ఉందా? ఉత్తరం కోసం చూడకుండా కనుక్కోవడం ఎలా

నా కారు మొదటిసారి ఆగిపోయింది టిన్ ఫ్యాక్టరీ దగ్గర, పొద్దున్న తొమ్మిదింటికి. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఆ చోటు, ఆ టైము చెబితే చాలు. వెనక బీఎంటీసీ బస్సు, పక్కన ఆటోలు, హారన్ల మోత. పది నిమిషాలయ్యాక దానంతటదే స్టార్టయింది. మా వీధి మెకానిక్ చూసి "పెట్రోల్లో ఏదో కల్తీ సార్" అన్నాడు. ట్యాంకు ఖాళీ చేయించాను, ప్లగ్గులు మార్పించాను. మూడు వారాలకి అనంతపురం వెళ్తూ బాగేపల్లి టోల్ దాటాక, ఎనభై మీద పోతున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు.

సంగతి తేలింది చివరికి కంపెనీ సర్వీస్ సెంటర్లో. అడ్వైజర్ ఛాసిస్ నంబరు కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి, "సార్, దీనికి ఫ్యూయల్ పంపు రీకాల్ ఉంది. రెండేళ్ల నుంచి పెండింగ్" అన్నాడు. రీకాల్ అంటే తయారీలో లోపం ఉన్న బండ్లని కంపెనీయే వెనక్కి పిలిచి ఫ్రీగా బాగుచేయడం. కారు మా బావ దగ్గర కొన్నది. కంపెనీ ఉత్తరం ధర్మవరంలో ఆయన ఒకప్పుడు అద్దెకున్న ఇంటికి పోయింది. ఫోన్ చేసి అడిగితే "ఆ ఇల్లు ఖాళీ చేసి నాలుగేళ్లయిందప్పా, ఎవరి చేతిలో పడిందో ఏమో" అన్నాడు.

బెంగళూరులో తిరిగే మన తెలుగువాళ్ల కార్లు చాలావరకు ఇలాంటివే. సొంతూళ్లో కొన్నవి, చుట్టాల దగ్గర తీసుకున్నవి. మనమేమో రెండేళ్లకో ఇల్లు మారతాం, సిమ్ మారుస్తాం. ఉత్తరం మాత్రం కంపెనీ దగ్గరున్న పాత అడ్రసుకే పోతుంది. కాబట్టి మనమే వెతుక్కోవాలి. పావుగంట పని.

ముందు ఛాసిస్ నంబరు పట్టుకోండి

రీకాల్ మోడల్ పేరుతో తేలదు, ఛాసిస్ నంబరుతోనే తేలుతుంది. ఆర్‌సీ మీద ఉంటుంది, 17 అక్షరాలు, అంకెలు కలిసి. కార్డు ఇంట్లో ఎక్కడో పెట్టి మరిచిపోతే డిజీలాకర్‌లో చూడండి. ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. మీకు ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. వెబ్‌సైట్ "రికార్డు లేదు" అందంటే ముందు ఇక్కడ అనుమానించండి. నేనూ మొదట సున్నా బదులు ఓ కొట్టి, రీకాల్ లేదనుకుని హాయిగా నిద్రపోయినవాణ్నే.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆర్‌సీ మీదున్న నంబరు, బండి మీదున్న నంబరు ఒకటేనా అని కూడా చూసుకోండి. చాలా కార్లలో ముందు సీటు కింద కార్పెట్‌కి మూతలాంటి చిన్న కోత ఉంటుంది. సీటు వెనక్కి జరిపి దాన్ని లేపితే రేకు మీద కొట్టిన నంబరు కనిపిస్తుంది. కొన్నిటిలో బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక గోడ మీద ఉంటుంది. నాది లేపేసరికి పల్లీపట్టి కాగితం, రెండు రూపాయల బిళ్ల, వేలెడు దుమ్ము. తడిగుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీశాను. ఎదురుగా వేస్తే మెరిసిపోయి ఏమీ కనపడదు. ఎంఏ3 అని మొదలైతే మారుతి, ఎంఏఎల్ అయితే హ్యుందాయ్, ఎంఏటీ అయితే టాటా.

ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం కూడా రాసుకోండి. రీకాల్ ప్రకటనలు ఎక్కువగా తయారీ తేదీల లెక్కలోనే వస్తాయి. 2023 జనవరిలో మారుతి 17,362 కార్లని ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం వెనక్కి పిలిచింది. అవి 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైనవి, ఐదు వారాల సరుకు. అదే ఏడాది జూలైలో ఎస్-ప్రెసో, ఈకో బండ్లు 87,599 స్టీరింగ్ టైరాడ్ (స్టీరింగుని చక్రాలకి కలిపే కడ్డీ) కోసం పిలిచారు. అవి 2021 జూలై నుంచి 2023 ఫిబ్రవరి దాకా తయారైనవి. పక్కింటాయన కారూ మీ కారూ ఒకటే మోడల్ అయినా ఆయనకి ఉండి మీకు లేకపోవచ్చు, మీకు ఉండి ఆయనకి లేకపోవచ్చు.

మూడు చోట్ల అడగండి

మొదటిది కంపెనీ వెబ్‌సైట్. రీకాల్ పేజీని పండగ ఆఫర్ల లాగా ముందు పెట్టరు. అట్టడుగున "కస్టమర్లకు ముఖ్య సమాచారం" లాంటి పేరుతో ఉంటుంది. అక్కడ ఛాసిస్ నంబరు కొడితే ఉందో లేదో చెప్తుంది.

రెండోది సియామ్, అంటే కార్ల కంపెనీల సంఘం. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి నడుస్తోంది. ఆ ప్రకటనల జాబితా సియామ్ సైటులో కంపెనీల వారీగా పెడతారు. పాత బండి కొనేవాళ్లకి పనికొస్తుంది.

మూడోది సర్వీస్ సెంటర్. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగింది ఇదే, ఎందుకంటే వాళ్ల స్క్రీన్ మీద మీ బండి చరిత్రంతా ఉంటుంది. అడిగేటప్పుడు "రీకాల్ ఉందా?" అని ఊరుకోవద్దు. "ఈ ఛాసిస్ మీద ఓపెన్ రీకాల్ గానీ సర్వీస్ క్యాంపెయిన్ గానీ పెండింగ్ ఉందా?" అని అడగండి. చిన్నాచితకా లోపాలని కంపెనీలు రీకాల్ అనవు, క్యాంపెయిన్ అంటాయి. బండి సర్వీసుకి వచ్చినప్పుడు చడీచప్పుడు లేకుండా మార్చేస్తాయి. బయట మెకానిక్ దగ్గర సర్వీస్ చేయించేవాళ్లకి ఆ సంగతే తెలీదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు సర్వీస్ సెంటర్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒకరైనా ఉంటారు, భాష గురించి టెన్షన్ వద్దు.

కోస్తా నుంచి వచ్చిన పాత కారు కొంటుంటే ఇంకో మాట. తకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ పుట్టించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, గాలిలో చెమ్మ తగిలితే ఆ మందు పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల మీదికి వస్తాయి. ప్రపంచమంతటా కోట్ల బ్యాగులు వెనక్కి తీసుకున్నారు. కంపెనీ 2017లో దివాలా తీసింది. మన దగ్గర పాత హోండా సిటీ, సివిక్, సీఆర్-వీ లాంటివి ఈ రీకాల్‌లో ఉన్నాయి. పదేళ్లు నెల్లూరు ఎండలోనో మచిలీపట్నం ఉప్పుగాలిలోనో నిలబడ్డ బండిని "ఇంజిన్ సూపర్ కండిషన్" అని కొనేముందు ఈ ఒక్కటీ చూడండి.

రీకాల్ ఉంది అని తేలితే

పార్టుకీ లేబర్‌కీ పైసా ఇవ్వక్కర్లేదు. వారంటీ అయిపోయినా, మీరు మూడో ఓనరైనా, బండికి ఏపీ నంబరున్నా అంతే. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏదైనా చేయాలి, కర్నూలులో కొన్న బండిని కర్నూలు తీసుకెళ్లక్కర్లేదు. "ఎలాగూ వచ్చారు, జనరల్ సర్వీస్ కూడా చేసేద్దాం సార్" అంటారు. మీకు కావాలంటే చేయించుకోండి, కానీ రీకాల్‌కి అది షరతు కాదు.

బండి వదిలేటప్పుడు జాబ్ కార్డులో, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితంలో, రీకాల్ పని విడిగా రాయించండి. తిరిగి తీసుకునేటప్పుడు సున్నా రూపాయల బిల్లయినా సరే ప్రింటు అడగండి. రేపు అదే పార్టు మళ్లీ పాడైతే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే. బండి అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

పార్టు స్టాక్ లేదు, మూడు వారాలు ఆగాలి అంటారు. నాకూ అదే చెప్పారు. అప్పుడు అసలు ప్రశ్న: ఈలోపు నడపొచ్చా? స్టీరింగ్, బ్రేకు, పెట్రోలు లీకు, మంటలంటుకునే లోపం, వీటిలో ఏదైనా అయితే నేనైతే నడపను. కంపెనీ కూడా నడపొద్దని చెప్పి ఉంటే బండిని వాళ్ల దగ్గరే వదిలేయండి, తీసుకెళ్లడానికి టోయింగ్ అడగండి. ప్రకటనలోనే కొన్నిసార్లు ఆ మాట ఉంటుంది, పూర్తిగా చదవండి. నడపొచ్చా లేదా అన్నది సర్వీస్ సెంటర్ చేత ఈమెయిల్లో రాయించుకోండి. నోటిమాట అయితే ఎవరైనా "ఏం కాదు సార్" అంటారు.

ఫ్యూయల్ పంపు లాంటి లోపంలో బండి నడుస్తూ ఆగిపోతుంది. ట్యాంకు లోపల ఉండే ఈ పంపులో చిన్న ప్లాస్టిక్ చక్రం ఒకటి తిరుగుతుంటుంది. అది పెట్రోల్లో నాని ఉబ్బితే ఇరుక్కుపోతుంది. చల్లారాక ఒక్కోసారి మళ్లీ తిరుగుతుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర దానంతటదే స్టార్టయిందంటే కారణం ఇదేనట. మన దేశంలో ఒకటికి మించి కంపెనీలు దీని మీద రీకాల్ చేశాయి. ఇంజిన్ ఆగిన కారులో బ్రేక్ బూస్టర్‌లో (మన నొక్కుడికి బలం కలిపే భాగం) గట్టిగా ఒకటి రెండు నొక్కులకి సరిపడా బలమే మిగులుతుంది. పదేపదే నొక్కి దాన్ని పోగొట్టుకోవద్దు. ఒక్కసారే, ఆపకుండా, గట్టిగా నొక్కి పట్టండి. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. తాళం చెవి మాత్రం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. హజార్డ్ లైట్లు వేసి ఎడమ అంచుకి చేర్చి, మనుషుల్ని రెయిలింగ్ అవతలికి దింపండి. బాగేపల్లి దగ్గర నాకు ఇందులో సగం కూడా తెలీదు. రోడ్డు ఖాళీగా ఉండబట్టి బయటపడ్డాం.

స్కూటర్లకీ రీకాల్ ఉంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటున్నాయని గోల జరిగిన 2022 ఏప్రిల్‌లో ఓలా 1,441, ఒకినావా 3,215 బండ్లని బ్యాటరీ తనిఖీకి వెనక్కి పిలిచాయి. చూసే పద్ధతి ఇదే.

రీకాల్ లేదు, కానీ లోపం ఉందని మీ అనుమానం

ముందు అరుగుదలకీ లోపానికీ తేడా చూసుకోండి. 40 వేల కిలోమీటర్లకి బ్రేక్ ప్యాడ్లు అరిగితే లోపం కాదు. కొత్త బండిలో స్టీరింగ్ ఒకవైపు లాగుతూ మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తగ్గకపోతే అది వేరే సంగతి. ఎయిర్‌బ్యాగ్ లైటు ఇగ్నిషన్ వేయగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలిగే ఉందంటే గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. చాలామంది దాన్ని అలవాటైపోయిన పక్కింటి కుక్క అరుపులా వదిలేస్తారు.

మనం చేయించిన మార్పుల్ని కూడా నిజాయితీగా లెక్కేసుకోండి. బెంగళూరు జేసీ రోడ్డులో సీటు కవర్లు వేయించాం అనుకోండి, సీటు పక్కన సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకి మామూలు కవర్ వేస్తే బ్యాగు దాన్ని చింపుకుని రావాలి. ముందు ఇనుప గార్డు పెట్టిస్తే దెబ్బ సెన్సర్‌కి చేరే తీరే మారిపోతుంది. ఆ గార్డులు చట్ట ప్రకారం కూడా చెల్లవు. హారన్ కోసమో లైట్ల కోసమో వైరు కోసి అతికిస్తే, రేపు మంటలంటుకున్నప్పుడు కంపెనీ మొదట చూపించేది ఆ అతుకునే.

ఇవేవీ కాదని తేలాక వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లో రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోవద్దు. "60 స్పీడులో బ్రేక్ నొక్కితే పెడల్ లోపలికి పోతోంది" అని ఉండాలి. లక్షణం మళ్లీ కనిపిస్తే పక్కనున్నవాళ్ల చేత వీడియో తీయించండి, మీటరు కనపడేలా.

ఆ తర్వాత రవాణా శాఖ వాళ్ల వాహన్ సైటులోని వెహికల్ రీకాల్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఇది 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం నడుస్తోంది, ఏడేళ్లలోపు బండ్లకి. ఒకే మోడల్ మీద ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటితే ప్రభుత్వం విచారణ చేయించి, రీకాల్‌కి ఆదేశించొచ్చు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. ఒక్కరు పెడితే ఏం జరుగుతుందిలే అనిపిస్తుంది. నిజమే, ఒక్కరి ఫిర్యాదుతో మీ బండి బాగుపడదు. కానీ సంఖ్య మీద నడిచే పద్ధతిలో అందరూ అలాగే అనుకుంటే లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతుంది.

ప్రమాదం జరిగాక

దేవుడి దయవల్ల నాకు ఇది అవసరం పడలేదు. మా ఆఫీసులో ఒకాయనకి పడింది, ఆయన పక్కన తిరిగి నేర్చుకున్నవి చెప్తున్నాను.

మొదట మనుషులు, 112. తర్వాత ఫోటోలు: రోడ్డు మీద టైరు గుర్తులు, డాష్‌బోర్డు మీద వెలుగుతున్న లైట్లు, తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు, చక్రాల కింద ఏదైనా కారిందా. బండి క్రేన్ మీదికి ఎక్కకముందే తీయాలి. ఎక్కించేటప్పుడు విరిగిందో ముందే విరిగిందో తర్వాత ఎవరూ తేల్చలేరు.

పోలీసు కేసు అయితే బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్, మన ఊళ్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటామే, ఆయన వచ్చి తనిఖీ చేస్తారు. కర్ణాటకలో ఆ కాగితాన్ని ఐఎంవీ రిపోర్టు అంటారు. దాని చివర్లో "ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు" అన్న వాక్యం కేసు తర్వాత కేసులో కనపడుతుంది. ఆ ఒక్క వాక్యం పడిందంటే మీ బ్రేకు ఫెయిలైందని తర్వాత ఎంత మొత్తుకున్నా కోర్టులో ఎదురీతే. కాబట్టి తనిఖీకి ముందే స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి: ఫలానా పార్టు ఫెయిలైంది, దాన్ని ప్రత్యేకంగా చూడమని కోరుతున్నాను అని. దాని కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది పెట్టుకోండి.

బండి సర్వీస్ సెంటర్‌కి చేరాక రిపేరు మొదలుపెట్టనివ్వద్దు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో లోపాల కోడ్‌లు, చాలా కార్లలో గుద్దుకున్న క్షణం వివరాలు ఉంటాయి. చెరిపేయొద్దని, రిపోర్టు కాపీ ఇవ్వమని, విప్పిన పార్టులు పారేయొద్దని ఈమెయిల్ పెట్టండి. ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి కూడా ఇదే మాట చెప్పండి. పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి కవర్ ఉండదు గానీ, దాని వల్ల జరిగిన ప్రమాదంలో బండికి తగిలిన దెబ్బలు వేరే లెక్క. క్లెయిమ్ ఫారంలో జరిగింది జరిగినట్టే రాయండి.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదంటే కంపెనీ నుంచి వచ్చే మొదటి జవాబు "దెబ్బ సరిపోలేదు". కొన్నిసార్లు అది నిజం కూడా. పక్కనుంచి తగిలితే ముందు బ్యాగులు తెరుచుకోవు, బెల్టు పెట్టుకోకపోతే కొన్ని కార్లలో తెరుచుకోకపోవచ్చు. కానీ ఎదురుగా గట్టిగా గుద్దుకున్నా రాలేదంటే ఆ మాటకి తలూపి రావొద్దు. 2017లో ఢిల్లీ-పానిపట్ హైవే మీద జరిగిన ప్రమాదంలో ఒక క్రెటా ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వేగమెంత, బలమెంత అని కొనుగోలుదారు భౌతికశాస్త్రం లెక్కలు వేసుకోవాలని ఆశించలేమని కోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పి, 3 లక్షల పరిహారం, కారు మార్చి ఇవ్వాలన్న తీర్పుని నిలబెట్టింది. మీ ఈమెయిల్లో ఆ తీర్పు ప్రస్తావించండి, జవాబు భాష మారుతుంది.

వినియోగదారుల కమిషన్

ముందు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే కంపెనీకీ డీలర్‌కీ ఇద్దరికీ నోటీసు పంపి, జిల్లా కమిషన్లో కేసు వేయండి. కారు ఎక్కడ కొన్నా, మీరు ఉంటున్న చోటే వేయొచ్చు. బెంగళూరులో ఉంటే బెంగళూరులోనే. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లోనే వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. "చూద్దాం సార్, కంపెనీకి రాశాం" అంటూ సాగదీసేవాళ్ల దగ్గర ఈ రెండేళ్లు ఎంత తొందరగా అయిపోతాయో మీరు నమ్మరు. పార్టుని ల్యాబుకి పంపి పరీక్ష చేయించమని కూడా కమిషన్ని అడగొచ్చు. అందుకే పాత పార్టు పారేయొద్దన్నది.

చివరగా ఒక చిన్న పని

సర్వీస్ సెంటర్‌కి వెళ్లినప్పుడు ఓనర్ పేరు, ఫోన్, అడ్రసు మీవేనా అని అడిగి, కాకపోతే మార్పించండి. ఆర్‌సీ నా పేరు మీదికి వచ్చి మూడేళ్లయినా వాళ్ల కంప్యూటర్లో నా కారు మా బావ పేరు మీదే ఉంది. ఆర్‌టీవో రికార్డు వేరు, వీళ్లది వేరు. ఆర్‌సీ కాపీ, ఆధార్ ఇస్తే పది నిమిషాల్లో మార్చారు. ఇప్పుడు సర్వీస్ మెసేజీలు నాకే వస్తున్నాయి. దసరా ఎక్స్ఛేంజ్ ఆఫర్లు మాత్రం ఇంకా బావకే పోతున్నాయట.